ర్యామ్ పెంచిన దగ్గర్నుంచి బ్లూ స్క్రీన్లు: ముందు ఫార్మాట్ కొట్టడం ఆపండి

ప్రశ్న: నమస్తే అండి. మాది తెనాలి. ఇంట్లోనే పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను. రెండేళ్ల క్రితం మా తమ్ముడు పార్టులు తెచ్చి సిస్టమ్ అసెంబుల్ చేసిపెట్టాడు. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, డీడీఆర్4 3200 ర్యామ్ 8 జీబీవి రెండు. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. ఫోటోషాప్‌లో పెద్ద షీట్లు తెరిస్తే నెమ్మదిస్తోందని నెల క్రితం ఇంకో రెండు 8 జీబీ స్టిక్కులు వేయించాను. అవీ 3200వే, కంపెనీ మాత్రం వేరు. అప్పటి నుంచి బ్లూ స్క్రీన్లు మొదలయ్యాయి. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అంటుంది, ఇంకోసారి ఐఆర్‌క్యూఎల్ ఏదో అంటుంది, మరోసారి ఇంకేదో పేరు. ఒక్కోసారి రోజుకు రెండు మూడు సార్లు వస్తుంది, ఒక్కోసారి మూడు రోజులు అసలే రాదు. ఫోటోషాప్ దానంతట అదే మూసుకుపోతోంది. ల్యాబ్‌కు పంపిన జిప్ ఫైల్ తెరుచుకోలేదని ఫోన్ వచ్చింది. మొన్న ఒక తలంబ్రాల ఫోటో సగం నుంచి కిందికి బూడిద రంగులోకి మారిపోయింది. తమ్ముడు రెండుసార్లు విండోస్ ఫార్మాట్ కొట్టాడు, మార్పు లేదు. ఇక్కడి షాపులో మదర్‌బోర్డు మార్చాలన్నారు. యూట్యూబ్‌లో చూసి పేజ్ ఫైల్ కూడా తీసేశాం. ఎవరో చెబితే మినీడంప్ ఫోల్డర్ చూశాను, ఖాళీగా ఉంది. ఇంట్లో అందరూ కంపెనీ సిస్టమ్ కొనాల్సింది, వీడి మాట విని చెడ్డాం అని తమ్ముణ్ని అంటున్నారు. కొత్త సిస్టమ్ కొనాలా, మదర్‌బోర్డు మార్చాలా? చేతిలో మూడు పెళ్లిళ్ల పని ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: కొత్త సిస్టమ్ వద్దు. మదర్‌బోర్డూ ఇప్పుడే వద్దు. మీ ఉత్తరంలో బ్లూ స్క్రీన్ కంటే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ తలంబ్రాల ఫోటో. బ్లూ స్క్రీన్ వస్తే మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. ర్యామ్‌లో తప్పు దొర్లుతున్నప్పుడు సేవ్ చేసిన ఫైల్, కాపీ చేసిన ఫోటో చెప్పాపెట్టకుండా పాడవుతాయి. కార్డు నుంచి హార్డ్‌డిస్క్‌కు వెళ్లే ప్రతి ఫోటో ర్యామ్ మీదుగానే వెళ్తుంది కదా. అక్కడ ఒక్క బిట్ తారుమారైనా విండోస్‌కు తెలియదు, పాడైనదాన్నే నిక్షేపంగా రాసిపెడుతుంది. తెరిచి చూసుకునే దాకా మీకూ తెలియదు. పెళ్లి మళ్లీ జరగదు కాబట్టి ముందు ఫోటోల సంగతి చూద్దాం.

ఈ నెల రోజుల్లో మీ దగ్గరికి వచ్చిన మెమరీ కార్డులు ఏవీ ఫార్మాట్ చేయకండి. కార్డులు ఫోటోగ్రాఫర్ దగ్గరే ఉంటే ఇప్పుడే ఫోన్ చేసి, వాటి మీద కొత్త ఫంక్షన్ షూట్ చేయవద్దని చెప్పండి. ఈ సిస్టమ్‌తో కొత్త బ్యాకప్ తీయడం కూడా ప్రస్తుతానికి ఆపండి. పాత బ్యాకప్‌లో మంచి ఫైల్ ఉంటే, దాని మీద పాడైన ఫైల్‌ను మీ చేత్తోనే రాసినట్టవుతుంది.

ఆ తర్వాత కొత్తగా వేసిన రెండు స్టిక్కులూ తీసేయండి. సిస్టమ్ షట్‌డౌన్ చేసి, ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని కరెంటు సరఫరా డబ్బా) వెనక స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ లోపలి ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని పని మొదలుపెట్టండి. పాత రెండు స్టిక్కులు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో ఉండాలి. చాలా బోర్డుల మీద ఏ2, బీ2 అని రాసి ఉంటుంది. క్లిప్పు టక్కుమని పడే దాకా నొక్కండి. ఆన్ చేసి బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల మెనూ) వెళ్లి ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను డబ్బా మీది స్పీడులో నడిపే సెట్టింగ్, ఆఫ్ చేయండి. కొన్ని బోర్డులలో దాన్నే డీఓసీపీ అంటారు. స్పీడు 2133కో 2400కో 2666కో పడిపోవచ్చు, ఫర్వాలేదు. రెండేళ్లు నిలకడగా నడిచిన కాంబినేషన్ అదే కాబట్టి చేతిలో ఉన్న పని ఇవాళే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. కాస్త నెమ్మదిగా నడిచినా నమ్మకంగా నడుస్తుంది.

అది నిజంగా కుదురుకుందో లేదో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. సెవెన్‌జిప్ అనే ఉచిత ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేసుకుని, నాలుగైదు జీబీల వీడియో ఫైల్ ఒకటి ఎంచుకోండి. రైట్ క్లిక్ చేసి సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ అనే మెనూలో ఎస్‌హెచ్‌ఏ-256 నొక్కితే అంకెలు, అక్షరాలు కలిసిన పొడవాటి వరుస వస్తుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో పెట్టుకుని, అదే ఫైల్‌కు మరో నాలుగైదు సార్లు చేయండి. ఫైల్‌ను మీరు ముట్టుకోలేదు కాబట్టి ఎన్నిసార్లు చేసినా అదే వరుస రావాలి. ఒక్కసారి వేరే వరుస వచ్చినా, చదివే దారిలో ఎక్కడో తప్పు జరుగుతున్నట్టే. ఇది పాస్ అయితే అంతా బాగున్నట్టు కాదు. ఫెయిలైతే మాత్రం ఆ సిస్టమ్ మీద మీ పని పెట్టవద్దు.

ఇక ఫార్మాట్ సంగతి. మీ తమ్ముడి తప్పేమీ లేదు, ఏ ఊళ్లో అడిగినా మొదట చెప్పే వైద్యం అదే. కానీ కొత్త విండోస్ కూడా పెన్‌డ్రైవ్ నుంచి ఆ ర్యామ్ మీదుగానే డిస్క్‌లోకి దిగుతుంది. ట్యాంకులో మురికి పెట్టుకుని కుళాయిలు మారిస్తే నీళ్లు బాగుపడవు. ఆ రెండు ఇన్‌స్టలేషన్లలో విండోస్ సొంత ఫైళ్లే కొన్ని పాడై ఉండవచ్చు. అందుకే ర్యామ్ సంగతి తేలే దాకా ఫార్మాట్ కొట్టకండి, డ్రైవర్లు మార్చకండి, బయాస్ అప్‌డేట్ అసలే చేయకండి. తప్పులు దొర్లే ర్యామ్‌తో బయాస్ రాస్తే బోర్డు లేవకుండా పోయే ప్రమాదం ఉంది. చాలా బోర్డుల్లో అప్‌డేట్ అవగానే ఎక్స్‌ఎంపీ దానంతట అదే ఆఫ్ అవుతుంది కాబట్టి, క్రాష్‌లు ఆగితే అది అప్‌డేట్ మహిమ అనుకుని మోసపోయేవాళ్లూ ఉన్నారు. వాళ్లు మళ్లీ ఎక్స్‌ఎంపీ ఆన్ చేసిన రోజు కథ మొదటికొస్తుంది.

బ్లూ స్క్రీన్ మీద రోజుకో పేరు వస్తోందన్నారు. నాకు అదే పెద్ద గుర్తు. ఒక డ్రైవర్ చెడిపోతే సాధారణంగా ఒకే రకం పేరు, ఒకే ఫైల్ పేరు, ఒకే సందర్భంలో కనిపిస్తుంది. ర్యామ్‌లో తప్పు ఉంటే ఆ క్షణాన అక్కడ ఎవరి డేటా ఉంటే వాళ్లు బలి. విండోస్ సొంత పట్టికలు ఉంటే మెమరీ మేనేజ్‌మెంట్ అంటుంది, డ్రైవర్ ఉంటే ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ అంటుంది, ఫోటోషాప్ ఉంటే అది మూసుకుపోతుంది, మీ ఫోటో ఉంటే సగం బూడిద రంగు అవుతుంది. పేరు పట్టుకుని గూగుల్‌లో వెతికితే ఒక్కోదానికి ఒక్కో చిట్కా దొరుకుతుంది. వాటి వెంట పడితే నెలలు గడుస్తాయి.

పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైల్) తిరిగి పెట్టేయండి. సెట్టింగ్‌ను ‘సిస్టమ్ మేనేజ్డ్’కు మార్చి రీస్టార్ట్ చేస్తే చాలు. బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడు విండోస్ ఆ సమాచారాన్ని మొదట పేజ్ ఫైల్‌లోనే రాస్తుంది, తర్వాత బూట్ అయ్యాక మినీడంప్‌గా భద్రపరుస్తుంది. మీరు పేజ్ ఫైల్ తీసేయడంతో ఆ రాత ఆగిపోయింది, మీ ఫోల్డర్ ఖాళీగా ఉండటానికి చాలావరకు కారణం అదే. పైగా అది లేకపోతే పెద్ద షీట్లు తెరిచినప్పుడు మెమరీ సరిపోవడం లేదనే మెసేజ్ కొత్తగా మొదలై, అసలు జబ్బులో కలిసిపోతుంది.

ఇప్పుడు అసలు అనుమానం దగ్గరికి వద్దాం. రెండు జతలూ 3200వే అన్నారు కదా. మార్కెట్లో 3200 పేరుతో రెండు రకాలు అమ్ముతారు. ఒకటి 1.35 వోల్టులతో, ఎక్స్‌ఎంపీ మీద సీఎల్ 16తో నడిచేది. ఇంకోటి మామూలు 1.2 వోల్టులతోనే సీఎల్ 22తో నడిచేది. డబ్బాల మీద పెద్దక్షరాల్లో రెంటికీ 3200 అనే ఉంటుంది. సీఎల్ అంకె చిన్నదైతే ర్యామ్ అంత తొందరగా జవాబివ్వాలి. ఎక్స్‌ఎంపీ ఆన్ చేసినప్పుడు చాలా బోర్డులు ఒక స్టిక్‌లో ఉన్న ప్రొఫైల్ చదివి నాలుగింటికీ అదే రుద్దుతాయి. 22 దగ్గర హాయిగా నడిచేదాన్ని 16 దగ్గర పరిగెత్తించమంటే ఎక్కువసేపు నెట్టుకొస్తుంది, అప్పుడప్పుడు తప్పుతుంది. మీకు మూడు రోజులు బాగుండి నాలుగో రోజు పడిపోవడం సరిగ్గా ఇలాంటిదే. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఎస్‌పీడీ ట్యాబ్ తెరిస్తే ఒక్కో స్లాట్‌లోని స్టిక్ అసలు వివరాలు కనిపిస్తాయి. నాలుగూ ఉన్నప్పుడు ఒకసారి చూసి రాసిపెట్టుకోండి.

ఇంకో సంగతి ప్రాసెసర్ వైపుది. ర్యామ్‌ను నడిపే కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది. మీ రైజెన్ 5000 శ్రేణికి ఏఎండీ అధికారికంగా చెప్పే స్పీడు రెండు స్టిక్కులకు 3200. నాలుగు స్లాట్లూ నిండితే సింగిల్ ర్యాంక్ (మెమరీ చిప్పులు ఒకే బృందంగా ఉన్న) స్టిక్కులకు 2933, డ్యూయల్ ర్యాంక్ (రెండు బృందాలున్న) వాటికి 2667. నాలుగు స్టిక్కులతో 3200 నడిచే సిస్టమ్‌లు బోలెడు ఉన్నాయి, కానీ దానికి ఎవరి హామీ లేదు. అంటే మీ నాలుగు స్టిక్కులూ మంచివే, బోర్డూ మంచిదే అయ్యుండి కూడా, కలిపి ఆ స్పీడులో నడపడమే తప్పయి ఉండవచ్చు. ఇది తేల్చకుండా మదర్‌బోర్డు కొనడం డబ్బు దండగ.

తేల్చే పద్ధతి మెమ్‌టెస్ట్86 అనే, ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాం. ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి పని ఫైళ్లున్నది వద్దు. డౌన్‌లోడ్‌తో పాటు వచ్చే చిన్న ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్ తయారు చేసి, దాని నుంచి బూట్ చేయండి. విండోస్ లేవకుండానే టెస్ట్ నడుస్తుంది. ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌ల (పూర్తి రౌండ్ల) దాకా చేస్తుంది. నాలుగు స్టిక్కులూ కలిపి 32 జీబీ అంటే గంటల పని, రాత్రి పెట్టి పడుకోండి. విండోస్‌లో ఉండే మెమరీ డయాగ్నస్టిక్ కూడా ఉందిగా అంటారేమో. అది తప్పు పట్టుకుంటే నమ్మండి, ఏమీ లేదంటే నమ్మకండి.

టెస్ట్‌లో తప్పు దొరికితే ఎర్రటి వరుసలు వస్తాయి. ఉండాల్సిన విలువ, నిజంగా ఉన్న విలువ పక్కపక్కనే చూపిస్తుంది. ఎనిమిది ఎఫ్‌లు ఉండాల్సిన చోట ఏడు ఎఫ్‌లు, చివర ఒక బి కనిపించిందనుకోండి, ముప్పై రెండు బిట్లలో ఒకే ఒక్క బిట్ 1 బదులు 0 అయిందని అర్థం. మీ ఫోటోను సగం బూడిద రంగు చేయడానికి అంత చాలు, ఎందుకంటే జేపెగ్‌లో ఒకచోట లెక్క తప్పితే అక్కడి నుంచి కిందిదంతా తప్పుగా విప్పుకుంటుంది. రాత్రంతా నడిచి ఒక్కటే తప్పు వచ్చింది, సర్దుకుపోవచ్చా అని చాలామంది అడుగుతారు. సర్దుకుపోకూడదు. ర్యామ్‌కు పాస్ మార్కు సున్నా తప్పులే.

వరస ఇలా పెట్టుకోండి. మొదట పాత జత ఒక్కటే, ఎక్స్‌ఎంపీ ఆన్‌లో. తర్వాత అవే స్లాట్లలో కొత్త జత ఒక్కటే, దాని ఎక్స్‌ఎంపీతో. ఆపైన నాలుగూ కలిపి. ప్రతిసారీ ఒక్కటే మార్చండి, ఫలితం కాగితం మీద రాయండి. కొత్త జత ఒంటరిగా ఉన్నప్పుడే తప్పులొస్తే, ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసి మళ్లీ పెట్టండి. అప్పుడు కూడా వస్తే ఆ రెంటిలో ఒక్కొక్కదాన్నే ఏ2 స్లాట్‌లో పెట్టి చూడండి. రెండు కలిసి నడిచేటప్పుడు డేటా రెంటి మధ్యా పంచుకుని ఉంటుంది కాబట్టి తప్పు ఏ స్టిక్‌ది అన్నది స్క్రీన్ మీది అడ్రస్‌ను బట్టి చెప్పలేం. స్టిక్‌ను వేరే స్లాట్‌కు మార్చినా తప్పులు దానితో పాటే వెళ్తే ఆ స్టిక్ చెడ్డది. ఏ స్టిక్ పెట్టినా అదే స్లాట్‌లో వస్తే స్లాట్‌నో ప్రాసెసర్‌నో అనుమానించాలి. అప్పుడు మీ షాపతను చెప్పిన మదర్‌బోర్డు మాట వినవచ్చు. అయితే దానికి ముందు కూలర్ స్క్రూలు నాలుగు వైపులా సమంగా బిగించి ఉన్నాయో లేదో, ప్రాసెసర్ పిన్నుల్లో ఏదైనా వంగిందో చూడమని తమ్ముడికి చెప్పండి. స్టిక్ బంగారు అంచు నల్లబడి ఉంటే మెత్తటి ఎరేజర్‌తో తేలిగ్గా తుడవడం మనవాళ్లందరికీ తెలిసిందే, ఆ పొడి మాత్రం స్లాట్‌లో పడనివ్వకండి.

మీ విషయంలో నా అంచనా: రెండు జతలూ విడివిడిగా పాస్ అవుతాయి, నాలుగు కలిపితేనే తప్పులొస్తాయి. అలా తేలితే బయాస్‌లో ర్యామ్ స్పీడును 2933కు, చాలకపోతే 2666కు తగ్గించి, సీఎల్ అంకెలను నెమ్మది జతవి పెట్టి మళ్లీ రాత్రంతా టెస్ట్ చేయండి. సున్నా తప్పులు వస్తే అక్కడే ఆగిపోండి. ఆల్బమ్ పనిలో 3200కూ 2933కూ తేడా మీకు తెలియదు, 16 జీబీకీ 32 జీబీకీ తేడా మాత్రం బాగా తెలుస్తుంది. వోల్టేజీలు పెంచి 3200 దగ్గరే నిలబెట్టే చిట్కాలు ఉన్నాయి కానీ, కస్టమర్ల పెళ్లి ఫోటోలు ఉన్న సిస్టమ్ మీద ఆ ప్రయోగం చేయమని చెప్పను. తగ్గించినా కుదరకపోతే నాలుగూ అమ్మేసి, ఒకే డబ్బాలో వచ్చే, ఒక్కోటీ 16 జీబీ ఉన్న స్టిక్కుల జత తీసుకోండి. ఆ జతను కంపెనీవాళ్లే కలిపి పరీక్షించి అమ్ముతారు, రెండు స్లాట్లే వాడుతుంది. ఒకవేళ స్టిక్కే చెడ్డదని తేలితే బిల్లు వెతకండి. ర్యామ్‌కు చాలా కంపెనీలు ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి. ఎర్ర వరుసల స్క్రీన్‌ను ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుకుంటే అక్కడ వాదించే పని ఉండదు. జతగా కొన్నదైతే చాలాసార్లు రెండూ కలిపి పంపమంటారు.

ఎండాకాలం గురించి కూడా చెప్పాలి. ర్యామ్ వేడెక్కినప్పుడే తప్పులు చేసే రకం ఉంటుంది. రాత్రి చల్లగా ఉన్నప్పుడు పాస్ అయ్యి మధ్యాహ్నం మూడింటికి ఫెయిల్ అవుతుంది. మీ క్రాష్‌లు ఎక్కువగా మిట్టమధ్యాహ్నమే అయితే టెస్ట్ కూడా ఆ వేళలో, క్యాబినెట్ తలుపు మూసి పెట్టండి. 

అన్ని టెస్టులూ సున్నాతో పాస్ అయ్యి క్రాష్‌లు ఆగకపోతే వేరే దారి చూడాలి. బ్లూ స్క్రీన్ లేకుండా ఠక్కున ఆరిపోతుంటే ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్, ఇంట్లో ఎర్తింగ్ చూపించుకోండి. ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తన తప్పులను నమోదు చేసుకునే చోటు) కెర్నల్ పవర్ 41 అని ఉంటే కంగారు పడకండి, అది సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే చెబుతుంది, కారణం చెప్పదు. అక్కడే వీయా (WHEA, హార్డ్‌వేర్ తప్పుల నమోదు) అనే పేరుతో తప్పులు వరసగా ఉంటే ప్రాసెసర్ వైపు చూడాలి.

ఇది చదివే మిగతావాళ్లలో ఇంటెల్ 13, 14 తరం ఐ7, ఐ9 డెస్క్‌టాప్ ప్రాసెసర్లు వాడేవాళ్లకు ఒక మాట. గేమ్ తెరవగానే వీడియో మెమరీ అయిపోయిందని మెసేజ్ వస్తుంటే గ్రాఫిక్స్ కార్డును తిట్టకండి. ఆ ప్రాసెసర్లు ఎక్కువ వోల్టేజీకి గురై పాడవుతున్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది, ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ (బయాస్ అప్‌డేట్‌తో వచ్చే, ప్రాసెసర్ లోపలి సూచనల సవరణ) ఇచ్చింది, వారంటీ మరో రెండేళ్లు పెంచింది. బయాస్ అప్‌డేట్ ఇంకా పాడవకుండా ఆపుతుందే తప్ప, పాడైన ప్రాసెసర్‌ను బాగుచేయదు. దాన్ని వారంటీలో మార్చుకోవాలి.

తమ్ముణ్ని అనడం మానమని ఇంట్లో చెప్పండి. అతను కట్టింది రెండేళ్లు చక్కగా నడిచింది. కంపెనీ సిస్టమ్ కొన్నా, అందులో వేరే కంపెనీ ర్యామ్ రెండు స్టిక్కులు కలిపితే ఇదే జరగవచ్చు. పైగా పార్టు పార్టు తీసి పరీక్షించే వీలు మీకు ఇంట్లోనే ఉంది, అతనికి ఆ పని చేతనవును.

ర్యామ్ కుదురుకున్నాక, అంతకుముందు కాదు, విండోస్‌ను ఒక్కసారి కొత్తగా వేసుకోండి. ఆ తర్వాత కార్డులు తెచ్చుకుని, ఈ నెలలో వచ్చిన ఫోటోలన్నీ కొత్త ఫోల్డర్‌లోకి మళ్లీ కాపీ చేయండి. డిజైన్‌లో ఇప్పటికే పెట్టిన ఫోటోలను థంబ్‌నెయిల్ చూసి వదిలేయకుండా ఒక్కోటీ పెద్దగా తెరిచి చూడండి, ఎందుకంటే థంబ్‌నెయిల్ వేరుగా దాచి ఉంటుంది, ఫోటో పాడైనా అది బాగానే కనిపిస్తుంది. ల్యాబ్‌కు వెళ్లిన షీట్లు ప్రింట్ కాకుండా ఉంటే ఇవాళే ఆపించండి. మెమ్‌టెస్ట్ ఫలితాలు వచ్చాక, ఏ జత ఏ స్లాట్‌లో ఉన్నప్పుడు ఎన్ని తప్పులు వచ్చాయో, సీపీయూ-జెడ్‌లో ఏం కనిపించిందో రాసి పంపండి. అంకెలు చూస్తే బయాస్‌లో ఏవి ఎంత పెట్టాలో మీ బోర్డుకు తగ్గట్టు చెప్పగలను.